పందొమ్మిదికీ ముప్పైకీ మధ్య ఆడపిల్ల ఎక్కడికి వెళ్లాలి?

సంపాదకుల వారికి,

నమస్కారం. గత నెల మీ మహిళల పేజీలో పీసీఓఎస్ (నెలసరి తప్పేలా చేసే పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్ అనే హార్మోన్ల సమస్య) గురించి వచ్చిన వ్యాసాన్ని మా విద్యార్థిని ఒకమ్మాయి కత్తిరించి, నోట్సులో అంటించుకొని తెచ్చింది. తినవలసినవంటూ అందులో ఇచ్చిన పట్టికలో కినోవా, అవకాడో, బ్లూబెర్రీలు, బాదం పాలు ఉన్నాయి. "మేడమ్, ఈ కినోవా మన కొండారెడ్డి బురుజు దగ్గర దొరుకుతుందా?" అని ఆమె అడిగితే క్లాసంతా నవ్వింది, ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. కర్నూలులో ఒక మహిళా డిగ్రీ కళాశాలలో ఇరవై రెండేళ్లుగా గృహవిజ్ఞానం బోధిస్తూ, ఈ సమస్య ఉన్న పిల్లలను ఏటా చూస్తున్నదాన్ని కనుక, ఆ వ్యాసంలో చోటు దొరకని కొన్ని సంగతులు మీ పాఠకుల ముందు పెడదామని ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను డాక్టరును కాను. మందుల సంగతి అవసరమైనంత మేరకే ప్రస్తావిస్తాను.

అసలు పేరుతోనే సగం భయం మొదలవుతోంది. స్కానింగ్ కాగితం మీద, ఇదే సమస్యకు వాడుకలో ఉన్న 'పీసీఓడీ' అనే పేరు కనబడగానే ఇంట్లోవాళ్లు అండాశయంలో నీటి బుడగలు వచ్చాయనుకుంటారు. వాటిని ఆపరేషన్ చేసి తీసేస్తారా అని పిల్లలు నన్ను చాటుగా అడుగుతారు. అవి గడ్డలు కావు, తీసేయవలసినవీ కావు. ప్రతి నెలా పెరిగి విడుదల కావలసిన అండం ఎదుగుదల మధ్యలోనే ఆగిపోయినప్పుడు మిగిలిపోయే చిన్న చిన్న అండకోశాలు అవి. 2003లో రోటర్‌డామ్‌లో నిపుణులు కుదుర్చుకున్న ప్రమాణాల ప్రకారం నెలసరి క్రమం తప్పడం, పురుష హార్మోన్లు ఎక్కువైన లక్షణాలు, స్కానింగ్‌లో కనిపించే అండకోశాలు అనే మూడింటిలో ఏ రెండు ఉన్నా, ఇతర కారణాలేవీ లేవని తేల్చుకున్నాక, దీన్ని పీసీఓఎస్ అంటారు. రజస్వల అయి ఎనిమిదేళ్లు నిండని పిల్లల్లో స్కానింగ్ మీద ఆధారపడి ఈ నిర్ధారణ చేయవద్దని 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. ఆ వయసులో అండాశయం సహజంగానే అలా కనబడవచ్చు. అయినా నా దగ్గరకు వచ్చే పదిహేడేళ్ల పిల్లల చేతిలో మొదట ఉండేది స్కానింగ్ కాగితమే. మరోవైపు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం బిడ్డలను కనే వయసులో ఉన్న స్త్రీలలో నూటికి 6 నుంచి 13 మందికి ఈ సమస్య ఉంది, వారిలో 70 శాతం మందికి దాకా అది ఉన్న సంగతే తెలియదు. అంటే అవసరం లేనివారికి ముద్ర పడుతోంది, అవసరమైనవారికి పేరైనా తెలియడం లేదు.

ఈ సమస్య ఉన్నవారిలో చాలామందికి, రక్తంలో చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్ హార్మోన్ చెప్పిన మాట శరీరం సరిగా వినదు. వినడం లేదు కనుక క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. అలా పోగైన ఇన్సులిన్ ఒకవైపు అండాశయాల చేత పురుష హార్మోన్లను ఎక్కువగా తయారు చేయిస్తుంది, ఇంకోవైపు ఆ హార్మోన్లను రక్తంలో పట్టి ఉంచే ప్రొటీన్‌ను కాలేయం తక్కువగా తయారు చేసేలా చేస్తుంది. గడ్డం కింద మొలిచే వెంట్రుకలు, తగ్గని మొటిమలు, నడినెత్తిన పలచబడే జుట్టు, రెండు మూడు నెలలకు గాని రాని నెలసరి, వీటన్నిటికీ వెనుక ఉన్నది చాలావరకు ఈ గొలుసే. మెడ వెనుక కనిపించే నల్లటి చార కూడా దీని గుర్తే. దాన్ని మురికి అనుకొని సున్నిపిండితోనూ నిమ్మచెక్కతోనూ తోలు లేచేలా రుద్దే తల్లులను చూశాను. ఆ చార సబ్బుకు పోయేది కాదు. ఇన్సులిన్ తగ్గితే మెల్లమెల్లగా తనంతట పలచబడుతుంది. సన్నగా ఉన్న పిల్లలకూ పీసీఓఎస్ ఉంటుంది కాబట్టి, దీన్ని తిండిపోతులకు వచ్చే జబ్బుగా మాట్లాడటం తప్పు మాత్రమే కాదు, క్రూరం కూడా.

ఇప్పుడు కంచం దగ్గరకు వస్తాను. రెండేళ్ల కిందట మా ప్రాక్టికల్స్ గదిలో పిల్లలు మధ్యాహ్నానికి తెచ్చుకున్న బాక్సులను కాటా మీద పెట్టి తూచాం. ఒక బాక్సులో అన్నం 410 గ్రాములు ఉంది. పప్పు రెండు గరిటెలు కూడా లేదు, కూర పేరుకు బంగాళదుంప వేపుడు, ఒక మూలన అంటుకొని ఆవకాయ. నాలుగు వందల గ్రాముల అన్నమంటే సుమారు 140 గ్రాముల బియ్యం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలలో 2000 కేలరీల రోజువారీ కంచానికి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు గానీ గుడ్లు, మాంసం గానీ 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు అని లెక్క చెప్పింది. ఆ బాక్సు తెచ్చుకున్న అమ్మాయి రోజు మొత్తం ధాన్యంలో సగానికి మించి ఒక్క పూటలోనే తింటోంది. పొద్దున ఇంటి దగ్గర తిన్న బొరుగుల ఉగ్గానీ, రాత్రి తినబోయే అన్నమూ ఇంకా లెక్కలోకి రాలేదు. కూరగాయల వంతు మాత్రం పావు వంతు కూడా పూర్తి కాలేదు. ఆమె ఎక్కువ తింటోందని నేను అనను. ఆకలి తీర్చడానికి చవగ్గా దొరికేది అన్నమే కనుక అన్నంతో కడుపు నింపుకుంటోంది.

దీనికి వంటింట్లో ఒక కారణం ఉంది, దాన్ని ఏ పోషకాహార పట్టికా చెప్పదు. మన ఇళ్లలో ఆడవాళ్లు ఆఖరున తింటారు. మగవాళ్లకూ చిన్నపిల్లలకూ వడ్డించేసరికి కూర గిన్నె అడుగంటుతుంది. మిగిలేది అన్నం, చారు, పచ్చడి. "కూరగాయలు ఎక్కువ తినమ్మా" అని చీటీ రాసిచ్చే డాక్టరుకు ఈ గిన్నె కనబడదు. ఒకసారి ఒక తల్లిని పిలిపించి మాట్లాడినప్పుడు ఆమె అన్న మాట నాకింకా గుర్తుంది: "వండేది నేనే మేడమ్, వడ్డించేది మా అత్త." ఆ ఇంట్లో అమ్మాయికి విడిగా వండమని చెబితే వంటకు వంట పెరుగుతుంది, మాటకు మాట పెరుగుతుంది, నెల తిరక్కుండానే ఆ పథ్యం అటకెక్కుతుంది. అందుకే పీసీఓఎస్ ఆహారం ఇంటిల్లిపాదీ తినేదై ఉండాలని నేను పట్టుబట్టి చెబుతాను. ఎలాగూ మధుమేహం, రక్తపోటు ఉన్న నాన్నలకూ నానమ్మలకూ అదే తిండి మంచిది.

అలాంటి తిండి కోసం సముద్రాలు దాటనక్కరలేదు. మా రాయలసీమలో జొన్నరొట్టె, సజ్జరొట్టె, కొర్రన్నం, రాగి సంకటి నిన్నమొన్నటి దాకా రోజువారీ భోజనం. కర్నూలు సోనా బియ్యం వచ్చాక అవి పేదతనానికి గుర్తులై, ఇప్పుడు సిరిధాన్యాల పేరుతో అట్టపెట్టెల్లో మూడింతల ధరకు తిరిగొచ్చాయి. జొన్నరొట్టెలోకి గుత్తివంకాయ, చుక్కకూర పప్పు, ఉలవల గుగ్గిళ్లు, ఒక గుడ్డు ఉంటే కినోవా గురించి బెంగ పెట్టుకోనక్కరలేదు. వంద గ్రాముల పెసలలో 22 గ్రాములకు పైగా ప్రొటీన్ ఉంటుంది కాబట్టి పెసరట్టు ఇడ్లీ కంటే చాలాసేపు ఆకలి ఆపుతుంది. మా ఊరి ఉగ్గానినీ మానమని చెప్పను. బొరుగులు రక్తంలో చక్కెరను చప్పున పెంచే మాట నిజమే. అందుకని అందులో పుట్నాల పొడి ఇంకో గుప్పెడు కలిపి, ఉల్లిపాయలు, టమాటాలు దండిగా వేసి, పక్కన మిరపకాయ బజ్జీ బదులు ఉడికించిన గుడ్డు పెట్టుకోమంటాను. ఈ మార్పుకు ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదని పిల్లలే వచ్చి చెప్పారు. చిరుధాన్యాల విషయంలో ఒక హెచ్చరిక మాత్రం తప్పదు: అవీ ధాన్యాలే. మెత్తగా ఆడించిన రాగిపిండితో జావ కాచి, బెల్లం దండిగా కలిపి రెండు పూటలా తాగి, నేను అన్నం మానేశానంటే ఆ లెక్క కుదరదు. అన్నమే కావాలనేవారికి రాజేంద్రనగర్‌లో రూపొందిన తెలంగాణ సోనా వంటి రకాలు ఉన్నాయి, దాని గ్లైసీమిక్ ఇండెక్స్ (రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే సూచిక) 51 చిల్లర, అంటే తక్కువే, అని పరీక్షల్లో తేలింది. అయితే అదీ కొలిచి వడ్డించుకోవలసిన అన్నమే.

ఫలానా డైట్ ఒక్కటే పీసీఓఎస్‌కు పనికొస్తుందని చెప్పడానికి ఆధారం లేదని 2023 మార్గదర్శకాలే అంటున్నాయి. అయినా పూర్తిగా పిండిపదార్థాలు మానిపించేవారు, రోజుకు ఒక్క పూటే తినమనేవారు ఫోనులో పిల్లలను వదలడం లేదు. నిరుడు మా ల్యాబులో ఒకమ్మాయి పొయ్యి దగ్గర నిలబడినది నిలబడినట్టే కూలిపోయింది. ఆరా తీస్తే పదకొండు రోజులుగా పొద్దున గ్రీన్ టీ, మధ్యాహ్నం రెండు దోసకాయలు, రాత్రి ఒక చపాతీ. రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అదే సర్వేలో 36.3 శాతం మంది స్త్రీలు అధిక బరువుతో ఉన్నారు. బరువు ఎక్కువ, రక్తం తక్కువ, రెండూ ఒకే మనిషిలో ఉండే చోట ఆకలితో మాడ్చే డైట్‌లు ఎంత ప్రమాదమో ఆలోచించండి. బరువు ఎక్కువ ఉన్నవారు అందులో 5 శాతం తగ్గినా చాలామందికి నెలసరి దారిలో పడుతుంది. డెబ్బై కిలోల అమ్మాయికి అది మూడున్నర కిలోలు, ఆరు నెలల నెమ్మది పని. ఈ సమస్యకు డాక్టర్లు రాసే మెట్‌ఫార్మిన్ మాత్రలు ఏళ్ల తరబడి వాడేవారికి, ముఖ్యంగా శాకాహారులకు, బి12 విటమిన్ తగ్గిపోయే వీలుంది కనుక ఆ పరీక్ష గురించి డాక్టరును అడగాలి. పీసీఓఎస్‌కని అమ్మే ఇనోసిటాల్ పొడి పొట్లాలకు నెలకు పెట్టే ఖర్చుతో ఒక ఇంటికి సరిపడా గుడ్లు, ఆకుకూరలు వస్తాయి. ఆ పొడి వల్ల కలిగే మేలుకు ఇంకా గట్టి ఆధారం లేదు.

ఇక నేను అసలు రాయదలచుకున్న సంగతి. ఈ పిల్లలు ఎక్కడికి వెళ్లాలి? 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం 10 నుంచి 19 ఏళ్లవారిది. గర్భం దాలిస్తే ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, అంగన్‌వాడీ ముగ్గురూ ఇంటికే వస్తారు. మధుమేహం, రక్తపోటు, క్యాన్సర్ల కోసం ఊరూరా జరిపే జాతీయ పరీక్షలు 30 ఏళ్లు నిండినవారితో మొదలవుతాయి. పందొమ్మిది దాటి, ముప్పై నిండక, పెళ్లి కాక, కడుపుతో లేక ఉన్న ఆడపిల్ల పేరు రాసుకోవడానికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒక రిజిస్టరు లేదు. పీసీఓఎస్ ఎక్కువగా బయటపడేది సరిగ్గా ఆ పదేళ్లలోనే. ఈ సమస్య ఉన్నవారికి వయసుతో నిమిత్తం లేకుండా గుర్తించిన నాడే చక్కెర పరీక్ష, ఆ తరువాత ఏడాది నుంచి మూడేళ్లకొకసారి మళ్లీ పరీక్ష, ఏటా రక్తపోటు చూడాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. అది కూడా పరగడుపు పరీక్ష ఒక్కటే చాలదు, 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల తరువాత చూసే పరీక్ష మేలు. ఏడాదికి ఎనిమిదిసార్ల కంటే తక్కువగా నెలసరి వస్తున్నా, మూడు నెలలకు మించి ఆగినా పట్టించుకోవాలి. ఏళ్ల తరబడి అలా వదిలేస్తే గర్భాశయం లోపలి పొర మందమై, ముందుముందు క్యాన్సరు ముప్పు పెరుగుతుంది. ఇవేవీ ఖరీదైన పనులు కావు. తుంగభద్ర వంతెన దాటితే వచ్చే తెలంగాణలో 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ పేరుతో మంగళవారాలు స్త్రీలకే కేటాయించే ఆసుపత్రులను మొదలుపెట్టారు. ఆ ఆలోచన మంచిది. దాన్ని నిలబెట్టడం, మన దగ్గరా వారంలో అలాంటి రోజు ఒకటి పెట్టుకోవడం అవసరం.

ఆసుపత్రి తెరిచి ఉన్నంత మాత్రాన పిల్లలు వెళ్తారని మాత్రం అనుకోవద్దు. "మా ఆశా అక్క మా వీధి కోడలే మేడమ్, రేపు సంబంధం వచ్చినప్పుడు వాళ్లింట్లో అడుగుతారు" అని ఒకమ్మాయి అంది. ఆ భయం ఉత్తిది కాదు. పిల్లకు నెలసరి సరిగా లేదన్న మాట బయటికి పొక్కితే సంబంధం పెళ్లిచూపుల దగ్గరే వెనక్కి తిరుగుతుందని తల్లులకు తెలుసు. అందుకే కొందరు "పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుంది" అన్న మాటను పట్టుకొని తొందరపడతారు. పెళ్లితో ఇన్సులిన్ మారదు. పెళ్లయిన ఏడాదికే పిల్లల గురించి అడగడం మొదలై ఆ అమ్మాయి మీద బరువు రెండింతలవుతుంది. పీసీఓఎస్ ఉన్నవారందరికీ దిగులు, ఆందోళన ఉన్నాయేమో అడిగి తెలుసుకోవాలని మార్గదర్శకాలు ఊరికే చెప్పలేదు.

నాలుగేళ్లుగా మేము చేస్తున్న ఒక చిన్న పని గురించి చెబుతాను. గురువారం సాయంత్రం తరగతులయ్యాక ప్రాక్టికల్స్ గది తలుపు తీసి ఉంచుతాం. మొదట తలుపు మీద 'పీసీఓఎస్ బృందం' అని రాశాం, మూడు వారాలు ఎవరూ రాలేదు. ఆ కాగితం తీసేసి 'నెలసరి, వంట' అని రాశాక పదిహేను మంది వచ్చారు. ఈ సమస్య ఉన్నవారూ లేనివారూ కలిసి కూర్చుంటారు కనుక లోపలికి వచ్చినంత మాత్రాన ఎవరి మీదా ముద్ర పడదు. ఒకరు అలసందల వడల పిండి తెస్తే అందరూ పెనం మీద తక్కువ నూనెతో కాలుస్తారు. మెట్‌ఫార్మిన్‌తో కడుపులో తిప్పుతోందని ఒకమ్మాయి మానేయబోతుంటే, తనకూ అలాగే ఉండేదనీ, అన్నం తింటూ మధ్యలో వేసుకుంటే తగ్గిందనీ, డాక్టరు కూడా డోసు మెల్లగానే పెంచారనీ ఇంకో అమ్మాయి చెప్పింది. మానేయబోయిన అమ్మాయి మరునాడు తన డాక్టరును అడిగి కొనసాగించింది. గడ్డం మీద వెంట్రుకల గురించి నా ముందు ఎప్పుడూ నోరు విప్పని పిల్ల అక్కడ దారంతో ఎలా తీయించుకుంటుందో చెప్పి, "నొప్పి కంటే ఆ పార్లరక్క జాలిచూపే ఎక్కువ" అని నవ్వించింది. అందరి బరువూ తగ్గిందని నేను చెప్పలేను. తూకం యంత్రాన్ని ఆ గంటసేపు బీరువాలో పెట్టి తాళం వేస్తాను.

ఇలాంటి గదికి మన ఊళ్లలో కొరత లేదు. డ్వాక్రా సంఘాల మహిళలు నెలనెలా కూర్చుంటారు, కంతులు లెక్కపెట్టుకుంటారు, లేచిపోతారు. ఆ సమావేశంలో అరగంట, నెలకొకసారి, ఏఎన్ఎం వచ్చి రక్తపోటు చూసి, నెలసరి గురించి మాట్లాడి, పెళ్లికాని కూతుళ్లను కూడా వెంట తెచ్చుకోమంటే కొత్తగా భవనమూ బడ్జెట్టూ అవసరం లేదు. కూర గిన్నెలో ఆడవాళ్ల వాటా గురించి అత్తలూ కోడళ్లూ ఒకే చాప మీద కూర్చొని మాట్లాడగల చోటు కూడా అదే. సంక్షేమ హాస్టళ్ల మెనూలో వారానికి రెండు పూటలు పెసరట్టో గుగ్గిళ్లో చేర్చడం, పప్పు గరిటె కాస్త పెద్దది చేయడం వార్డెన్ల చేతిలోనే ఉంది. వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవాలంటారు గాని, మా పిల్లలు ఎక్కడ నడవాలి? మైదానాల్లో పొద్దున్నే క్రికెట్ ఆడే కుర్రాళ్లు నిండిపోతారు. మహిళా కళాశాలల గేట్లు ఉదయం ఆరు నుంచి ఏడున్నర దాకా ఊరి ఆడవాళ్లకు తెరిచి ఉంచితే చాలు.

చివరగా మీకు నేరుగా ఒక మనవి. ఆ వ్యాసం వచ్చిన రోజునే మీ జిల్లా ఎడిషన్ లోపలి పేజీలో 'పీసీఓడీ సమస్యకు 90 రోజుల్లో శాశ్వత పరిష్కారం' అని ఒక ప్రకటన ఉంది. స్త్రీల రుతుక్రమ లోపాలను సరిచేస్తామంటూ మందుల ప్రకటనలు వేయడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం మూడో సెక్షన్ నిషేధించింది. పీసీఓఎస్ జీవితమంతా కనిపెట్టుకొని ఉండవలసిన స్థితి, తొంభై రోజుల్లో పోయేది కాదు. మీ పత్రిక ఒక్కటే అని కాదు, దాదాపు అన్ని పత్రికల్లోనూ ఇవి వస్తున్నాయి. అయినా ముందుగా మీరు ఆపితే మా పిల్లల తల్లుల డబ్బు కొంతైనా మిగులుతుంది. మహిళల పేజీలో ఆ ఆహార పట్టికను మళ్లీ వేసేటట్లయితే, కినోవా ఉన్న గడిలో కొర్రలో జొన్నలో రాయించండి. ఆ అమ్మాయి మళ్లీ కత్తిరించి నోట్సులో అంటించుకుంటుంది.

భవదీయురాలు,
గృహవిజ్ఞాన అధ్యాపకురాలు,
కర్నూలు